స్కాన్ పీడీఎఫ్‌లను కంటితో వెతకడం: జోటెరోలో తెలుగు పరిశోధకుల కోసం సమగ్ర మార్గదర్శి

పాత తెలుగు పత్రికల మీద, పుస్తకాల మీద పనిచేసేవాళ్లకు సెర్చ్ బాక్స్ చాలాసార్లు అక్కరకు రాదు. ఇంగ్లిష్ వ్యాసాలతో పనిచేసేవాళ్లు ఒక మాట టైప్ చేస్తే వందల పీడీఎఫ్‌లలో అది ఎక్కడెక్కడ ఉందో వచ్చేస్తుంది. మన దగ్గరున్న పీడీఎఫ్‌లలో ఎక్కువ భాగం పేజీల ఫొటోలు. వాటిలో కంప్యూటర్ చదవగలిగే అక్షరం ఒక్కటీ ఉండదు. యూనికోడ్ కాని అను ఫాంట్ల కాలంలో డీటీపీ చేసిన పీడీఎఫ్‌లలో అక్షరాలు ఉన్నట్టే కనిపిస్తాయి కానీ, కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పోనీ ఓసీఆర్ (పేజీ బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ గుర్తించి టెక్స్ట్‌గా మార్చడం) చేయించినా, పాత ముద్రణలోని అరసున్నలు, "గ్రంథాలయం" ఒకచోట "గ్రంధాలయం" మరోచోట అచ్చైన వర్ణక్రమాలు, సంధి కలిసిపోయి మొదలూ చివరా మారిపోయిన మాటలు సెర్చ్‌కు చిక్కవు.

కాబట్టి మనకు కంటితో వెతకడం తప్పదు. అది గుడ్డిగా పేజీలు తిప్పుకుంటూ పోయే పని కాకూడదంటే రిఫరెన్స్ మేనేజర్‌ను (పుస్తకాల, వ్యాసాల వివరాలూ ఫైళ్లూ దాచుకునే సాఫ్ట్‌వేర్‌ను) ముందే అందుకు తగ్గట్టు సర్దుకోవాలి. ఒకసారి చూసిన పేజీ మళ్లీ కావాలన్నప్పుడు కళ్ల ముందుకు రావాలి. చూసినప్పుడే దాని పక్కన రెండు తెలుగు మాటలు యూనికోడ్‌లో టైప్ చేసి పెట్టాలి. ఈ గైడ్ మొత్తం ఈ రెండు పనుల గురించే.

ఇక్కడ చెప్పేది జోటెరో గురించి. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకారుల బృందం 2006లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి పీడీఎఫ్ రీడర్ అందులోనే ఉంది. 2024లో వచ్చిన ఏడో వెర్షన్‌లో కుడివైపు వివరాల ప్యానెల్‌లోనే పీడీఎఫ్ ప్రివ్యూ కూడా కనిపిస్తుంది. పాత వెర్షన్ వాడుతుంటే ముందు అప్‌డేట్ చేసుకోండి. ఇక్కడ చెప్పేవాటిలో సగం పాతదాంట్లో ఉండవు.

మొదటి మెట్టు: ఫైలుకు ఒక ఊరూ పేరూ ఇవ్వడం

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పెద్ద సంఖ్యలో దొరుకుతున్నాయి. వాటి గుర్తింపు "ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015" అని మొదలై ఒక పొడవాటి అంకెతో ముగుస్తుంది. పుస్తకం పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, దీర్ఘాలూ ఒత్తులూ లేకుండా ఉంటుంది. ఒక్కోసారి రచయిత పేరు ఉండాల్సిన చోట ఇంకేదో ఉంటుంది. ఇలాంటి ఫైలును జోటెరోలోకి లాగి వదిలితే, మామూలు వ్యాసాలకు వచ్చినట్టు వివరాలు వాటంతటవే రావు. అందులో చదవడానికి అక్షరాలు లేవు కదా.

అలాంటప్పుడు పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి "క్రియేట్ పేరెంట్ ఐటెం" నొక్కండి. ఐటెం అంటే ఆ పుస్తకం వివరాలుండే ఎంట్రీ, పీడీఎఫ్ దాని కిందికి చేరుతుంది. ఐఎస్‌బీఎన్‌లు (పుస్తకాల గుర్తింపు సంఖ్యలు) రాకముందు అచ్చైన పుస్తకమైతే చేత్తో నింపడం తప్ప దారి లేదు. ఐటెం రకం దగ్గర పుస్తకమా, పత్రికలోని వ్యాసమా అన్నది సరిగ్గా ఎంచుకోండి. పేరు తెలుగు లిపిలోనే రాయండి, వరుసక్రమం కూడా అప్పుడే సరిగ్గా వస్తుంది. రచయిత పేరు విషయంలో మనకో సౌకర్యం ఉంది. జోటెరో ఇంటిపేరును ముందు అడుగుతుంది, మనమూ ఇంటిపేరు ముందే చెప్పుకుంటాం. మొదటి గడిలో గిడుగు, రెండో గడిలో వెంకట రామమూర్తి. కలం పేరుతో రాసినవాళ్లకు పక్కనున్న చిన్న బటన్ నొక్కితే రెండు గడులూ కలిసి ఒక్కటవుతాయి.

తేదీ దగ్గర జాగ్రత్త పడాలి. పాత సంచికల మీద తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉండే సందర్భాలు తగులుతాయి. "విభవ" అని ఉంటే అది 1928 ఉగాది నుంచి 1929 ఉగాది వరకు కావచ్చు, అరవై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చిన 1988-89 కూడా కావచ్చు. కాగితం, అచ్చు, ప్రకటనలు చూస్తే ఏదో తేలిపోతుంది. తేదీ గడిలో ఇంగ్లిష్ సంవత్సరం వేసి, తెలుగు సంవత్సరాన్ని "ఎక్స్‌ట్రా" గడిలో రాయండి. తేదీ గడిలో "విభవ" అని రాస్తే సంవత్సరాల వారీగా సర్దినప్పుడు ఆ సంచిక తన చోటు తప్పిపోతుంది.

వివరాలు నింపాక మళ్లీ పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి, పేరెంట్ వివరాలతో ఫైలు పేరు మార్చే ఆప్షన్ నొక్కండి. ఒక్కో పుస్తకానికి ఐదు నిమిషాలు పడుతుంది. విసుగొస్తుంది, నిజమే. కానీ ఈ పని వదిలేస్తే తర్వాతి మెట్లన్నీ వృథా.

రెండో మెట్టు: కలెక్షన్లు కొన్ని చాలు

జోటెరో కలెక్షన్ మామూలు ఫోల్డర్ లాంటిది కాదు. ఒకే పుస్తకాన్ని నాలుగు కలెక్షన్లలో పెట్టినా ఉండేది ఒక్క కాపీయే. ఇది తెలియక చాలామంది ఒకే పీడీఎఫ్‌ను మూడుసార్లు ఎక్కించి, ఒకదాంట్లో రాసుకున్న నోట్స్ మరోదాంట్లో వెతుక్కుంటుంటారు. థీసిస్ అధ్యాయానికి ఒక కలెక్షన్, పత్రికకు ఒక కలెక్షన్ చేసుకుంటే చాలు. ఒక ఐటెం ఏయే కలెక్షన్లలో ఉందో చూడాలంటే దాన్ని ఎంచుకుని విండోస్‌లో కంట్రోల్ కీ, మ్యాక్‌లో ఆప్షన్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి. అది ఉన్న కలెక్షన్లన్నీ ఎడమవైపు రంగుతో వెలుగుతాయి.

మూడో మెట్టు: రంగు ట్యాగులు

ఐటెంల జాబితా మామూలుగా అక్షరాల గుంపులా ఉంటుంది, కన్ను ఎక్కడా ఆగదు. దాన్ని కంటికి లొంగదీసేది రంగు ట్యాగు. ఎడమవైపు కింద ట్యాగుల పెట్టె ఉంటుంది. ఒక ట్యాగు మీద రైట్ క్లిక్ చేసి "అసైన్ కలర్" ఎంచుకుంటే ఆ ట్యాగుకు రంగు, ఒక స్థానం వస్తాయి. ఆ ట్యాగున్న ప్రతి ఐటెం పేరు ముందు ఆ రంగు చుక్క కనిపిస్తుంది. ఒక్కో జోటెరో లైబ్రరీలో 9 ట్యాగులకు ఇలా రంగులు వేయవచ్చు. స్థానం అంకె కీబోర్డు మీద షార్ట్‌కట్ అవుతుంది. ఐటెంను ఎంచుకుని 3 నొక్కితే మూడో ట్యాగు అంటుకుంటుంది, మళ్లీ నొక్కితే పోతుంది. ఒకేసారి ఇరవై ఐటెంలు ఎంచుకుని కూడా నొక్కవచ్చు.

ఉన్నవి తొమ్మిదే కాబట్టి వాటిని దేనికి ఖర్చు పెట్టాలన్నది ఆలోచించాల్సిన విషయం. విషయాలకు రంగులు వేయడం నాకు నచ్చదు. విషయాలు పెరుగుతూనే ఉంటాయి, రంగులు పెరగవు. పత్రం స్థితికి రంగు వేయండి. నేను సిఫారసు చేసే వరుస ఇది: ఇంకా చూడాలి, పేజీలన్నీ ఒకసారి తిప్పాను, క్షుణ్ణంగా చదివాను, స్కాన్‌లో పేజీలు పోయాయి, అసలు ప్రతి ఎక్కడో వెతకాలి, అను ఫాంటు. ఆరు అయ్యాయి, మూడు ఖాళీగా ఉంచండి, థీసిస్ చివరి ఏడాదిలో పనికొస్తాయి. నాలుగోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా విలువైనది. పాత పుస్తకాల స్కాన్లలో మధ్యలో పేజీలు లేకపోవడం, ఒకే పేజీ రెండుసార్లు రావడం మామూలే. గ్రంథాలయానికి వెళ్లే ముందు ఆ ఒక్క ట్యాగు మీద క్లిక్ చేస్తే, అక్కడ అసలు ప్రతి తెరిచి సరిచూసుకోవాల్సినవన్నీ ఒక జాబితాగా వస్తాయి.

రంగు లేని ట్యాగులు ఎన్నయినా పెట్టుకోండి: ప్రకటన, కార్టూన్, ముఖచిత్రం, లేఖలు, 1930లు. ట్యాగుల పెట్టెలో రెండు ట్యాగుల మీద వరుసగా క్లిక్ చేస్తే రెండూ ఉన్నవే మిగులుతాయి. ఎమోజీని ట్యాగుగా పెడితే అది కూడా జాబితాలో పేరు ముందు కనిపిస్తుంది. ఇంగ్లిష్ డేటాబేస్‌ల నుంచి వ్యాసాలు దింపినప్పుడు వాటితోపాటు ఆటోమేటిక్ ట్యాగులు గుంపులుగా వచ్చిపడి మీ పెట్టెను నింపేస్తాయి. పెట్టె మూలనున్న మెనూలో వాటిని దాచేయవచ్చు. "ప్రకటన" అని ఒకటి, "ప్రకటనలు" అని ఇంకొకటి పొరపాటున ఏర్పడితే ఒకదాని పేరు రెండోదానిలా మార్చండి, రెండూ కలిసిపోతాయి.

కాలమ్స్ గురించి ఒక్క మాట చాలు. జాబితా పైనున్న పట్టీ మీద రైట్ క్లిక్ చేసి సంవత్సరం, పత్రిక పేరు, చేర్చిన తేదీ కనిపించేలా పెట్టుకోండి, మిగతావి తీసేయండి.

నాలుగో మెట్టు: పీడీఎఫ్ లోపల

అసలు పని ఇక్కడే ఉంది. పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ చేస్తే రీడర్ తెరుచుకుంటుంది. ఎడమ ప్యానెల్‌లో మూడు విభాగాలుంటాయి: పేజీల చిన్న బొమ్మలు (థంబ్‌నెయిల్స్), మీరు పెట్టిన గుర్తులు (అనొటేషన్లు), విషయసూచిక. స్కాన్ పుస్తకాలకు విషయసూచిక సాధారణంగా ఉండదు. కాబట్టి థంబ్‌నెయిల్స్ తెరిచి పెట్టుకోండి.

మొదటిసారి తెరిచినప్పుడు చదవకండి, చూడండి. చిన్న బొమ్మల్లోనే బోలెడు తెలుస్తుంది. పద్యం ఉన్న పేజీకి రెండు పక్కలా తెల్లటి ఖాళీ ఉంటుంది. నాటకంలో ఎడమ అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. బొమ్మలున్న పేజీ నల్లగా కనిపిస్తుంది. కొత్త అధ్యాయం పేజీలో పైభాగం ఖాళీగా ఉంటుంది. ప్రకటనల పేజీ గళ్లు గళ్లుగా ఉంటుంది. మూడు వందల పేజీల పుస్తకం స్వరూపం ఇలా కాసేపట్లో పట్టుబడుతుంది. తలకిందులుగా స్కాన్ అయిన పేజీ కనబడితే థంబ్‌నెయిల్ మీద రైట్ క్లిక్ చేసి అక్కడే తిప్పేయవచ్చు.

ఇప్పుడు పేజీ నంబర్లు. పీడీఎఫ్‌లో 17వ పేజీ పుస్తకంలో 1వ పేజీ కావచ్చు. ముఖపత్రం, పీఠికలు, లైబ్రరీ ముద్రలున్న పేజీలు కలిసి ఇలా అవుతుంది. మొదటి గుర్తు పెట్టగానే దాని మెనూలో పేజీ నంబరు మార్చే ఆప్షన్ తెరిచి, అచ్చులో ఉన్న నంబరు ఇవ్వండి. తర్వాతి పేజీలకూ అదే లెక్క వర్తింపజేయమని అక్కడే చెప్పవచ్చు. పుస్తకం మధ్యలో పేజీలు పోయి ఉంటే ఆ చోట మళ్లీ ఒకసారి సరిచేయాలి. ఈ పని ముందే చేస్తే ఫుట్‌నోట్లు రాసేటప్పుడు టెన్షన్ ఉండదు.

ఇక గుర్తులు. పైన పసుపు హైలైటర్ కనిపిస్తుంది కదా అని దాన్ని లాగితే స్కాన్ పేజీ మీద ఏమీ జరగదు, ఎందుకంటే హైలైటర్‌కు అక్షరాలు కావాలి. చాలామంది ఇక్కడే "జోటెరో మన తెలుగుకు పనికిరాదు" అని వదిలేస్తున్నారు. మనకు కావాల్సింది దాని పక్కనే ఉన్న "సెలెక్ట్ ఏరియా". పేజీలో కావాల్సిన భాగం చుట్టూ ఒక పెట్టె గీస్తే, ఆ ముక్క బొమ్మగా కత్తిరించినట్టు ఎడమ ప్యానెల్‌లోకి వస్తుంది. దాని కింద వ్యాఖ్య రాసే చోటు, ట్యాగు పెట్టే చోటు ఉంటాయి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. డాక్టర్ కె.ఎన్.కేసరి 1928లో మద్రాసులో "గృహలక్ష్మి" మాసపత్రిక మొదలుపెట్టారు. ఆయన కేసరి కుటీరం ఆయుర్వేద మందులు తయారుచేసే సంస్థ కూడా. ఆనాటి స్త్రీల పత్రికల్లో ఆరోగ్యం గురించి ఏం చెప్పారన్నది మీ అంశం అనుకుందాం. వ్యాసాలు ఒక ఎత్తు, మందుల ప్రకటనలు మరో ఎత్తు. ప్రకటనలకు శీర్షిక ఉండదు, రచయిత ఉండడు, విషయసూచికలో చోటు ఉండదు. సంచిక తిప్పుతుండగా ఒక మందు ప్రకటన కనబడింది. చుట్టూ పెట్టె గీయండి. వ్యాఖ్యలో "మందు ప్రకటన, బాలింతలు, స్త్రీ బొమ్మ, ధర ఉంది" అని రాయండి. "ప్రకటన" ట్యాగు పెట్టండి. అర నిమిషం పని. ఆ ముక్క ఇప్పుడు రెండు రకాలుగా దొరుకుతుంది: బొమ్మగా కంటికి, తెలుగు మాటగా సెర్చ్‌కు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో గుర్తుల వ్యాఖ్యల్లో వెతికే ఆప్షన్ ఉంది. అక్కడ "బాలింత" అని కొడితే ఆ సంచిక వస్తుంది. స్కాన్‌లో లేని అక్షరాలను ఇలా మీరే కొద్దికొద్దిగా చేరుస్తున్నారన్నమాట. వ్యాఖ్యలో ఆనాటి వర్ణక్రమం కాకుండా ఇప్పటి మామూలు వర్ణక్రమమే వాడండి, రేపు మీరు వెతికేది ఆ మాటతోనే.

గుర్తుల రంగులు ఎనిమిది ఉన్నాయి. వీటికి కూడా ఒక అర్థం పెట్టుకుని అన్ని పీడీఎఫ్‌లలో అదే పాటించండి. నా సలహా నాలుగు రంగులు మించొద్దని: వాదనకు పసుపు, ఆధారానికి ఆకుపచ్చ, బొమ్మలకు ప్రకటనలకు నీలం, అనుమానానికి ఎరుపు. ఎడమ ప్యానెల్ కింద రంగు చుక్కలు వరుసగా ఉంటాయి. నీలం నొక్కితే ఆ సంచికలోని బొమ్మలూ ప్రకటనలూ మాత్రమే ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ట్యాగులతోనూ ఇలాగే వడకట్టవచ్చు.

రెండు చోట్లున్న పేజీలను పోల్చాలంటే రీడర్‌ను నిలువుగా గానీ అడ్డంగా గానీ చీల్చే ఆప్షన్ "వ్యూ" మెనూలో ఉంది. మూలం ఒకపక్క, వెనకనున్న వ్యాఖ్యానం మరోపక్క పెట్టుకుని చదవడానికి ఇది బాగుంటుంది.

ఐదో మెట్టు: బొమ్మల నోట్

గుర్తులు పెట్టడం అయ్యాక ఐటెం మీద రైట్ క్లిక్ చేసి "యాడ్ నోట్ ఫ్రమ్ అనొటేషన్స్" నొక్కండి. కత్తిరించిన బొమ్మలన్నీ, మీ వ్యాఖ్యలతో, పేజీ నంబర్లతో ఒకే నోట్‌లో వరుసగా వచ్చేస్తాయి. నోట్‌లో ఒక బొమ్మ మీద క్లిక్ చేస్తే పీడీఎఫ్‌లో సరిగ్గా ఆ పేజీకి వెళ్లే లింకు కనిపిస్తుంది. పన్నెండు సంచికలకు ఇలా చేస్తే ఒక ఏడాది పత్రికలోని దృశ్యసామగ్రి మొత్తం మీ ముందు ఆల్బమ్‌లా ఉంటుంది. మీ పరిశోధన పర్యవేక్షకుడితో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు పీడీఎఫ్‌లు తెరిచి వెతికే బదులు ఈ నోట్ తెరవండి, చర్చ ఎంత సూటిగా సాగుతుందో మీకే తెలుస్తుంది.

ఒక ముఖ్యమైన సంగతి: జోటెరో ఈ గుర్తులను పీడీఎఫ్ ఫైల్లో రాయదు, తన డేటాబేస్‌లో ఉంచుకుంటుంది. ఫోల్డర్‌లోంచి ఫైలు తీసి స్నేహితుడికి వాట్సాప్‌లో పంపితే అందులో గుర్తులు ఉండవు. గుర్తులతో సహా కావాలంటే ఫైల్ మెనూ నుంచి పీడీఎఫ్‌ను ఎక్స్‌పోర్ట్ చేయాలి.

ముఖ్యమైన నాలుగైదు పేజీలకు ఓసీఆర్ కావాలనుకుంటే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ తెలుగు ఉంది. పాత అచ్చులో తప్పులు చాలా వస్తాయి. అందుకే పుస్తకమంతా చేయించి నమ్ముకునే కంటే, కావాల్సిన పేజీలే చేయించి, దిద్ది, ఆ పాఠాన్ని ఐటెం కింద నోట్‌గా పెట్టుకోవడం మేలు.

ఫోన్‌తో తీసిన ఫొటోలుంటే

గ్రంథాలయంలోనో ఆర్కైవ్స్‌లోనో ఫోన్‌తో తీసిన వందలాది ఫొటోలకు జోటెరో తగిన చోటు కాదు. దాంట్లో ఫొటోలను గళ్లలో పరిచి చూపే వీక్షణ లేదు. జోటెరో పుట్టిన కేంద్రమే 2017లో ట్రోపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఫొటోలను ఎక్కించగానే తెరనిండా చిన్న బొమ్మలుగా పరుస్తుంది, సైజు పెంచుకోవచ్చు తగ్గించుకోవచ్చు. ఒక ఉత్తరానికి చెందిన నాలుగు ఫొటోలను ఎంచుకుని కలిపితే అవి ఒక ఐటెం అవుతాయి. తేదీ, పెట్టె నంబరు, ఫైలు నంబరు దానికి రాసుకోవచ్చు. ఫొటో తీసే ముందు ఫైలు అట్టను, దాని నంబరు కనిపించేలా, ఒక ఫొటో తీయడం అలవాటు చేసుకోండి. ట్రోపీలో తర్వాత ఎక్కడ ఒక ఫైలు ముగిసి ఇంకొకటి మొదలైందో ఆ అట్టే చెబుతుంది. ఫొటోలు ఎక్కించాక వాటి అసలు ఫోల్డర్‌ను అటూ ఇటూ కదపకండి, లింకులు తెగే ప్రమాదం ఉంది.

సంబంధాల పటాలు

పత్రాల మధ్య సంబంధాలను చుక్కలూ గీతలుగా చూపే పనిముట్లు ఇప్పుడు బాగా ప్రచారంలో ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ తయారుచేసిన వీఓఎస్‌వ్యూయర్ వాటిలో ఒకటి, ఉచితం. జోటెరోలో ఒక కలెక్షన్‌ను ఆర్ఐఎస్ ఫార్మాట్‌లో (పుస్తకాల వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి తీసుకెళ్లే ఫార్మాట్) ఎక్స్‌పోర్ట్ చేసి అందులోకి ఎక్కిస్తే, ఏ రచయితలు కలిసి రాశారో, ఏ కీవర్డులు జంటగా వస్తున్నాయో పటం గీస్తుంది. మీరు పెట్టిన ట్యాగులు కీవర్డులుగా వెళ్తాయి. ఇంగ్లిష్ వ్యాసాల గుంపు ఉన్నప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది. కనెక్టెడ్ పేపర్స్ లాంటి సైట్లు మాత్రం ఏ వ్యాసం దేన్ని ఉటంకించిందో నమోదు చేసే సైటేషన్ డేటాబేస్‌ల మీద ఆధారపడతాయి. డీఓఐ (వ్యాసాలకు ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తింపు) లేని తెలుగు పుస్తకాలు, పత్రికలు ఆ పటాల్లో దాదాపు కనబడవు. పటంలో కనబడలేదు కాబట్టి ఆ విషయం మీద ఎవరూ రాయలేదని థీసిస్‌లో రాసేయకండి.

తెలుగు సామగ్రికి జోటెరోలోనే ఉన్న "రిలేటెడ్" విభాగం చాలు. ఒక వ్యాసం, దానికి తర్వాతి సంచికలో వచ్చిన జవాబు, ఆ జవాబు మీద పాఠకుల లేఖ: మూడింటినీ చేత్తో ఒకదానితో ఒకటి కలపండి. తెలుగు పత్రికల్లో వాదప్రతివాదాలు నెలల తరబడి సాగేవి, ఈ గొలుసు కట్టుకోకపోతే మధ్యలో ఒక కొస జారిపోతుంది.

స్థలం, బ్యాకప్

జోటెరో ఖాతాలో ఫైళ్లకు ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ. స్కాన్ పుస్తకాలతో అది ఇట్టే నిండిపోతుంది. వివరాలు, ట్యాగులు, నోట్స్ మాత్రం ఎంతైనా ఉచితంగా సింక్ అవుతాయి. కాబట్టి ఫైల్ సింక్ ఆపేసి డేటా సింక్ మాత్రం ఉంచుకోవచ్చు. ఫైళ్లు కూడా రెండు కంప్యూటర్లలో కావాలంటే డబ్బు కట్టడమో, వెబ్‌డావ్ సర్వర్ (ఫైళ్లు దాచుకోవడానికి వేరే ఆన్‌లైన్ నిల్వ) పెట్టుకోవడమో చేయాలి.

జోటెరో డేటా ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లోనో డ్రాప్‌బాక్స్‌లోనో పెట్టి నడపకండి. డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది. దానికి బదులు వారానికోసారి జోటెరోను పూర్తిగా మూసేసి, మీ యూజర్ ఫోల్డర్‌లో ఉన్న జోటెరో ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. లోపల "స్టోరేజ్"లో ఎనిమిదేసి అక్షరాల అర్థంకాని పేర్లతో ఫోల్డర్లు కనబడతాయి. వాటి పేర్లు మార్చకండి, ఫైళ్లను వాటిలోంచి బయటికి లాగకండి. కాపీ అయ్యాక కొత్త ఫోల్డర్ సైజు పాతదాంతో సరిపోయిందో లేదో చూసి, అప్పుడు డిస్క్ తీయండి.